వేలిముద్ర పడలేదని అమ్మకి రేషన్ ఆపేశారు, ఇప్పుడు కార్డే లేదంటున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది నిజామాబాద్ జిల్లాలో ఒక ఊరు. అమ్మకి 69 ఏళ్ళు, నాన్న లేరు, ఒక్కతే ఉంటది, అంత్యోదయ కార్డు ఉంది. చిన్నప్పట్నుంచి బీడీలు చుట్టి చుట్టి వేళ్ళు అరిగిపోయినయ్. మిషన్ల వేలిముద్ర పడట్లేదని మూడు నెలల నుంచి డీలర్ బియ్యం ఇవ్వట్లేదు, ఈ నెల పోతే కార్డే లిస్టులో లేదన్నాడంట. నేను పెళ్ళయ్యి పుణెలో ఉంటా. డీలర్ మీద కేసు పెట్టొచ్చా? పోయిన బియ్యం వస్తాయా?

జవాబు: అమ్మా, ముందు ఒక్క మాట మనసులో పెట్టుకోండి, మీ అమ్మగారికి వచ్చే ఆ 35 కిలోలు డీలర్ దయ కాదు, ప్రభుత్వం దయ కూడా కాదు. 2013లో వచ్చిన జాతీయ ఆహార భద్రత చట్టం సెక్షన్ 3 ప్రకారం అంత్యోదయ కుటుంబానికి నెలకి 35 కిలోలు హక్కు, ఇంట్లో ఒక్కరే ఉన్నా సరే 35 కిలోలే. 2023 జనవరి నుంచి అది ఉచితం కూడా. అంటే మూడు నెలల్లో ఆమెకి రావాల్సినవి 105 కిలోలు, ఈ లెక్క మీ అర్జీలో తప్పకుండా రాయాలి.

ఇక వేలిముద్ర సంగతి. నేను ఒకసారి మీ వైపే ఒక రేషన్ షాపు దగ్గర పొద్దంతా కూర్చున్నా, ఒక పెద్దావిడ తడిగుడ్డతో వేలు తుడుచుకుని పెడుతుంది, ఎర్ర లైటు, ఇంకో వేలు పెడుతుంది మళ్ళీ ఎర్ర లైటు, పది వేళ్ళూ అయిపోయినయ్, చూపుడు వేలు చివర చూస్తే తునికాకు మడిచీ మడిచీ నున్నగా గాజులా ఉంది, గీత అన్నదే లేదు. యాభై ఏళ్ళు పనిచేసిన చెయ్యి అది, ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని ఇంటికి పోయింది. ఆ రోజు నుంచి ఇలాంటి కేసు ఏది వచ్చినా నేను వదలను.

చట్టం ఏం చెప్తుందంటే, వేలిముద్ర పడకపోవడం బియ్యం ఆపడానికి కారణం కానే కాదు. 2017 అక్టోబర్ 24న కేంద్ర ఆహార శాఖ అన్ని రాష్ట్రాలకీ స్పష్టంగా రాసింది, ఆధార్ లేదని ఎవరి పేరూ తీసేయొద్దు, నెట్‌వర్క్ లేకనో వేలిముద్ర కలవకనో ఎవర్నీ ఖాళీ చేతుల్తో పంపొద్దు, వేలు పడకపోతే వేరే దారిలో చూసి రిజిస్టర్‌లో రాసుకుని సరుకు ఇవ్వాలి అని. 2018లో ఆధార్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు కూడా బయోమెట్రిక్ ఫెయిల్ అయినంత మాత్రాన సంక్షేమ పథకం ఆపకూడదనే చెప్పింది. తెలంగాణలో ఐరిస్ (కంటిపాప స్కాన్), ఫోన్‌కి వచ్చే ఓటీపీ కూడా వాడుతున్నారు. అందుకని రేపే వేలికి బదులు కన్ను స్కాన్ చేయమని అమ్మగారిని డీలర్‌ని అడగమనండి, ఆధార్‌కి ఆమె ఫోన్ నంబర్ లింక్ అయ్యి ఉందో లేదో మీరు చూడండి, చాలా ఇళ్ళల్లో కొడుకు పాత నంబర్ ఉంటుంది, అది ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది, ఓటీపీ ఎక్కడికో పోతుంది. వీలుంటే ఆధార్ సెంటర్‌కి తీసుకెళ్ళి బయోమెట్రిక్ అప్‌డేట్ కూడా చేయించండి.

ఇప్పుడు అసలు పెద్ద సమస్య కార్డు లేదనడం. డీలర్ నోటిమాట నమ్మొద్దు. మన సివిల్ సప్లైస్ శాఖ వాళ్ళ ఈపీడీఎస్ అనే రేషన్ సైట్‌లో కార్డు సెర్చ్ ఉంటుంది, మీరు పుణె నుంచే నంబర్ కొట్టి చూడొచ్చు, కార్డు తాత్కాలికంగా ఆపారా పూర్తిగా తీసేశారా, ఈ-కేవైసీ (ఆధార్‌తో మనిషిని సరిచూసుకోవడం) పెండింగ్ అని ఆపారా చూడండి, స్క్రీన్ ఫోటో తీసి పెట్టుకోండి. 2025 జూలైలో కేంద్రం రేషన్ పంపిణీ రూల్స్ ఉండే కంట్రోల్ ఆర్డర్‌ని మార్చింది, ఆరు నెలలు సరుకు తీసుకోని కార్డుని తాత్కాలికంగా ఆపొచ్చు, కానీ ఆ తర్వాత మూడు నెలల్లోపు ఇంటికొచ్చి విచారణ చేసి ఈ-కేవైసీ చేసి తేల్చాలి అని. మీ అమ్మగారిది మూడు నెలలే, పైగా ఆమె తీసుకోక కాదు వాళ్ళు ఇవ్వక, కాబట్టి ఈ రూల్ చెప్పి ఆపేశామంటే నిలబడదు.

పూర్తిగా తీసేశారంటే మాత్రం నోటీసు ఇచ్చారా, ఇంటికొచ్చి చూశారా, ఆర్డర్ కాపీ ఏదీ అని అడగాలి. ఇది ఊరికే చెప్పే మాట కాదు, 2016లో మన తెలంగాణలోనే సుమారు 19 లక్షల కార్డులు కంప్యూటర్ లెక్కతో రద్దు చేశారు, ఆ కేసు సుప్రీంకోర్టు దాకా పోతే 2022 ఏప్రిల్‌లో కోర్టు వాటన్నిటినీ ఇంటింటికీ పోయి పరిశీలించమని ఆదేశించింది. కంప్యూటర్ చెప్పిందని పేదల నోటికాడి కూడు లాగేయడం కుదరదు.

మీరు చేయాల్సిన పని, తహసీల్దార్ పేరు మీద అర్జీ రాయండి, కార్డు నంబర్, ఏ ఏ నెలలు ఇవ్వలేదు, డీలర్ ఏమన్నాడు, 105 కిలోలు బకాయి అని రాసి, అదే ఆహార భద్రత చట్టం సెక్షన్ 8 కింద ఆహార భద్రత భత్యం కూడా ఇప్పించమని అడగండి. హక్కు ఉన్న మనిషికి సరుకు ఇవ్వకపోతే ప్రభుత్వం డబ్బు కట్టాలనేదే ఆ సెక్షన్, 2015లో దానికి రూల్స్ కూడా వచ్చినయ్, చాలామంది లాయర్లు కూడా అడగరు దీన్ని. రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి, ముద్ర లేని అర్జీ పెట్టనట్టే లెక్క. ఇంకో కాపీ సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇవ్వండి, ఆ చట్టమే సెక్షన్ 15 ప్రకారం జిల్లాకి ఒక ఫిర్యాదుల అధికారి ఉండాలి, మన దగ్గర ఆ బాధ్యత అడిషనల్ కలెక్టర్‌ది. రేషన్ హెల్ప్‌లైన్ 1967కి కూడా ఫోన్ చేసి కంప్లైంట్ నంబర్ రాసుకోండి. అధికారి ఆర్డర్ మీకు నచ్చకపోతే రాష్ట్ర ఫుడ్ కమిషన్‌కి అప్పీల్ ఉంది, అధికారి చెప్పిన సాయం సరైన కారణం లేకుండా చేయని ఉద్యోగికి కమిషన్ 5 వేల దాకా జరిమానా వేయొచ్చు.

డీలర్ మీద కేసు అంటారా, తొందరపడొద్దు, ముందు ఆ మూడు నెలల్లో అమ్మగారి కార్డు మీద సరుకు ఇచ్చినట్టు ఆన్‌లైన్‌లో ఎక్కిందేమో చూడండి. ఎక్కి ఉంటే అది దొంగతనం లాంటిదే, నిత్యావసర సరుకుల చట్టం కింద క్రిమినల్ కేసు అవుతుంది, అప్పుడు నేనే గట్టిగా పెట్టమంటా. ఎక్కకపోతే డీలర్‌కి కూడా మిషన్ లాక్ అయ్యి ఉండొచ్చు, అప్పుడు మన గొడవ ఆఫీసుతో. రెండిట్లో ఏదో తెలియడానికి ఆర్టీఐ (సమాచార హక్కు) అర్జీ పెట్టండి, రద్దు ఆర్డర్, విచారణ రిపోర్ట్, ఈ-పాస్ మిషన్‌లో (డీలర్ దగ్గర వేలిముద్ర పెట్టే మిషన్) ఆ నెలల ఎంట్రీలు అడగండి, పేదరికం రుజువు జతచేస్తే ఫీజు ఉండదు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఇవన్నీ చేసినా కదలకపోతే హైకోర్టులో ప్రభుత్వం మీద రిట్ పిటిషన్ వేయొచ్చు. లాయర్ ఫీజు ఎట్లా అని భయపడకండి, 1987 లీగల్ సర్వీసెస్ చట్టం ప్రకారం ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా లాయర్‌ని ఉచితంగా ఇస్తారు, జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, 15100కి ఫోన్ చేసినా చెప్తారు. పాత కార్డు ఎంత నలిగిపోయినా పారేయొద్దని అమ్మగారికి ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి. అర్జీ మీద ఆమె సంతకం చేయలేకపోతే బొటనవేలు ముద్ర వేయించి పక్కన ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించండి, తహసీల్దార్ ముద్ర పడిన కాపీ ఫోటో నాకు పంపండి, తర్వాతి కాగితం ఎట్లా రాయాలో అప్పుడు చెప్తా.