ఆటిక్‌లో రకూన్ దూరితే బోను పెట్టాలా?

"మా ఆటిక్‌లో రకూన్ చేరింది, బోనులో పట్టి దూరంగా వదిలేస్తే చాలా?" అని అడిగారు. చాలదండీ. రకూన్ అంటే రాత్రిళ్ళు తిరిగే, చారల తోక ఉన్న, పిల్లికన్నా కాస్త పెద్ద జంతువు; ఆటిక్ అంటే ఇంటి కప్పు కింది అటక. మీదీ కెనడాలోని ఒంటారియోనే అంటున్నారు కాబట్టి చెబుతున్నా, ఇక్కడ పట్టినదాన్ని కిలోమీటరు లోపే వదలాలి. కిలోమీటరు దానికో లెక్కా? పైగా ఇది ఏప్రిల్, అవి పిల్లలు పెట్టే కాలం. పైన పిల్లలున్నాయేమో ముందు చూసుకోండి.

అది చూసుకోకే మేం తిప్పలు తెచ్చుకున్నాం. మేముండేది మిస్సిసాగాలో. మా ఆవిడ పురిటికి అత్తయ్య తెనాలి నుంచి వచ్చారు. ఓ రాత్రి "అల్లుడుగారూ, పైన ఎవరో నడుస్తున్నారు" అన్నారు. ఉడతేలెండి అన్నా. మర్నాడు ఇలాంటి జంతువుల్ని వెళ్ళగొట్టే మనిషిని పిలిస్తే, చూరు అడుగున కప్పే పలక (సోఫిట్) ఊడిన చోట బయటికి మాత్రమే తెరుచుకునే తలుపు బిగించి, ఆరొందల డాలర్లు పుచ్చుకుని పోయాడు. లోపలికి టార్చి వేసి చూసిన పాపాన పోలేదు.

ఆ రాత్రి తల్లి రకూన్ తిండికి వెళ్ళి మళ్ళీ లోపలికి రాలేకపోయింది. పైన పిల్లికూనల్లా సన్నగా ఏడుపు. అది విని కింద మా పదిరోజుల పిల్ల అందుకుంది. తల్లి రకూన్ కప్పెక్కి పెంకుల్లాంటి షింగిల్స్ ఒక్కోటీ పీకి పారేస్తోంది. పంజాలనబుద్ధి కాదు, అచ్చం చేతులే. అత్తయ్య కిటికీలోంచి చూసి, "పచ్చి బాలింతను బయటికి గెంటేశారేంటండీ! ముందా తలుపు తీయండి" అన్నారు. తెల్లారగానే నిచ్చెనేసుకుని నేనే ఊడదీశా.

రకూన్‌కి వెలుతురూ మనుషుల మాటలూ గిట్టవు. ఆటిక్ మూత దగ్గర బల్బు వెలిగించి, పాత ఫోన్‌లో అత్తయ్య ప్రవచనాలు గట్టిగా పెట్టాం. తల్లి ఇంకో చోటు ముందే చూసిపెట్టుకుని ఉంటుంది, తొందరపెట్టకూడదంతే. మూడో రాత్రి ఒక్కో పిల్లను మెడ దగ్గర కరుచుకుని దింపింది. నాలుగు లెక్కపెట్టాం. కన్నంలో పేపరు ఉండలు కుక్కి, రెండు రాత్రులు అవి కదలకపోయేసరికి అరంగుళం కన్నాల ఇనప మెష్ స్క్రూలతో బిగించా. ఫోమ్ కొట్టి ఊరుకుంటే మీ డబ్బే దండగ, చింపేస్తుంది. దాని పెంటను మాత్రం చీపురుతో ఊడవకండి, అందులో పురుగు గుడ్లుంటాయి. మాస్కు, గ్లవుజులు వేసుకుని, తడిపి ఎత్తాలి.

ఇంత చేసినా చుట్టుపక్కల తిండి దొరికితే వస్తూనే ఉంటాయి. టొరంటోలో 2016లో రకూన్ తీయలేని గడియంటూ తిండి చెత్త వేసే కొత్త పచ్చ డబ్బాలిచ్చారు, వాటినీ తీసిన ఘటికులున్నాయి. మా వీధిలో ఒకాయన రోజూ డెక్ మీద గిన్నెడు తిండి పెడతాడు. వద్దని చెబితే పిల్లుల కోసమంటాడు. చీకటి పడ్డాక వచ్చే ఆ పిల్లుల తోకలకి నల్లచారలుంటాయి మరి.