కెమెరాలు లేని పట్టపుపాలెంలో హత్య కేసు ఎలా తేలుతుంది?

సీసీ కెమెరా ఒక్కటీ లేని పట్టపుపాలెంలో, అంటే పట్టపు మత్స్యకారులుండే మారుమూల గ్రామంలో, హత్య జరిగితే పోలీసులు హంతకుణ్ణి ఎలా పట్టుకుంటారని అడిగారు. ప్రకాశం జిల్లా తీర ప్రాంతంలో సర్కిల్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసినవాడిని కనుక, నేను దర్యాప్తు చేసిన ఒక కేసు ఆధారంగా సమాధానం చెబుతాను.

ఒక కార్తీకమాసంలో కొత్తపట్నం దిగువన ఒక యువకుడి శవం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. వేటలో పడవ మీది నుంచి జారిపడ్డాడని బంధువులే చెప్పడంతో, మొదట అసహజ మరణంగా, అప్పటి నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ) 174 కింద, అంటే దాని స్థానంలో వచ్చిన ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్ 194 కింద, కేసు నమోదైంది. అయితే శవపంచనామా జరుగుతుండగా నడుముకు బిగిసి ఉన్న నైలాను తాడు ముక్క బయటపడింది. దానికి వల అడుగున కట్టే సీసపు బరువు ఒకటి ఇంకా వేలాడుతోంది. తాడు కొస పీచులుగా విడిపోలేదు, కత్తితో కోసినట్టు నున్నగా ఉంది. పోస్టుమార్టంలో తలకు బలమైన గాయం ఉన్నట్లు తేలింది. బతికుండగా నీట మునిగినవారి ఎముక మూలుగలోకి చేరే డయాటమ్‌లు, అంటే నీటిలోని సూక్ష్మమైన నాచు కణాలు, కనబడలేదు. ఆ పరీక్ష ఒక్కదానినే నమ్మి నిర్ణయానికి రాకూడదు గానీ, గాయంతో కలిపి చూస్తే నీటిలో పడేసరికే ప్రాణం పోయిందన్న అనుమానం బలపడింది.

శవం ఎక్కడ నీటిలో పడి ఉంటుందో చెప్పగలిగింది చేపల వేటగాళ్లే. మన తీరంలో ఆ కాలంలో నీటి పోకడ ఉత్తరం నుంచి దక్షిణానికి ఉంటుంది కనుక, మేము ఉత్తరాన పైనున్న పల్లెల్లో విచారించాము. అక్కడ కాపులనే కుల పెద్దల మాట దాటి ఎవరూ నోరు విప్పరు. ఊరంతటికీ తెలిసిన సంగతిని కోర్టు ముందు నిలబెట్టడమే అసలు కష్టం.

మాకు అక్కరకొచ్చింది చేపల షావుకారు చిట్టా. ఏ పడవకు ఎంత డీజిలు అప్పిచ్చాడో, ఎంత సరుకు వేలంపాటకు వచ్చిందో, ఎవరికెంత వాటా పోయిందో అందులో రోజువారీగా రాసి ఉంది. మృతుడు కనబడకుండా పోయిన రాత్రి ఒక పడవ డీజిలు తీసుకుంది, తెల్లవారి దాని పేర సరుకు పడలేదు, ఒక్కరికీ వాటా రాయలేదు. ఆ పడవ యజమానికీ మృతుడికీ వల బాకీ తగాదా ఉందని తరువాత తెలిసింది.

పోలీసుల ఎదుట చేసిన నేరాంగీకారం కోర్టులో చెల్లదు. కానీ అప్పటి సాక్ష్య చట్టం 27వ సెక్షను, అంటే ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమ్ 23వ సెక్షను, ప్రకారం, ముద్దాయి చెప్పిన సమాచారంతో వస్తువు దొరికితే, ఆ దొరకడానికి నేరుగా సంబంధించిన మాట వరకు చెల్లుతుంది. ఆ పడవ యజమాని చూపించిన వలల పాకలో, పంచుల (సోదాకు సాక్షులుగా పిలిచిన ఊరివాళ్ల) సమక్షంలో, మిగిలిన తాడు చుట్ట దొరికింది. రెండు తాళ్ల కోత కొసలు ఒకదానికొకటి సరిపోయాయని ఫోరెన్సిక్ నివేదిక వచ్చింది. విచారణలో ఇద్దరు సాక్షులు ఎదురు తిరిగినా, చిట్టా రాసిన గుమస్తా మాత్రం అందులోని చేతిరాత తనదేనని బోనులో నిలబడి చెప్పాడు. శిక్ష ఆ చిట్టా మీద, ఆ తాడు మీద నిలిచింది.