టర్బో కారుకు ట్రాక్ క్లచ్ ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న: చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ మీద, రీమ్యాప్ చేసిన (పవర్ కోసం ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చిన) నా పోలో 1.0 టీఎస్ఐ నాలుగో గేర్లో ఆర్పీఎం ఎక్కుతోంది, స్పీడ్ పెరగట్లేదు. ఏ క్లచ్ వేయించాలి?

క్లచ్ జారుతోందండీ. హార్స్‌పవర్ పక్కన పెట్టి టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) చూడండి. కంపెనీ ఇచ్చింది 175 న్యూటన్ మీటర్లు (ఎన్ఎం). టర్బో మధ్య ఆర్పీఎంలోనే ఒక్కసారిగా తోస్తుంది, జారేదీ అక్కడే. డైనో (ఇంజిన్ బలం కొలిచే యంత్రం) మీద మీ టార్క్ కొలిపించి, దానిపైన కనీసం 20 శాతం ఎక్కువ మోసే క్లచ్ తీసుకోండి.

మోసే శక్తి లెక్క సులువే: క్లచ్ డిస్క్ రెండు ముఖాలు, రాపిడి గుణకం, ప్రెషర్ ప్లేట్ (డిస్క్‌ను ఇంజిన్ వైపు చక్రం ఫ్లైవీల్‌కు అదిమే పలక) నొక్కుడు, సగటు వ్యాసార్థం, వీటి గుణకారం. 2 × 0.3 × 5000 న్యూటన్లు × 0.09 మీటర్లు అంటే 270 ఎన్ఎం. ప్లేట్ నొక్కుడు పది శాతం పెంచితే 297 అవుతుంది, డిస్క్ మార్చక్కర్లేదు. కాకపోతే పెడల్ బరువెక్కుతుంది, తొక్కినప్పుడల్లా ఇంజిన్ క్రాంక్ ముందువెనకలకు జరగకుండా ఆపే థ్రస్ట్ బేరింగ్ మీద భారం పడుతుంది.

సిరామిక్ పక్ డిస్క్ (పూర్తి పొరకు బదులు విడివిడి సిరామిక్ ముక్కలుండేది) వేడిని బాగా తట్టుకుంటుంది. కానీ పూందమల్లి ట్రాఫిక్‌లో ఫస్ట్ గేర్లో కదిలించేటప్పుడు కారంతా దడదడలాడుతుంది. ఇంటి నుంచి అదే కారులో ట్రాక్‌కు వెళ్తుంటే ఆర్గానిక్ డిస్క్ (మామూలు కార్లలో ఉండే రకం), గట్టి ప్రెషర్ ప్లేట్ చాలు. ట్రైలర్ మీద తీసుకెళ్లే కారైతేనే పక్.

గేర్‌బాక్స్ దించినప్పుడే రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కితే ప్రెషర్ ప్లేట్‌ను వదిలించేది) మార్చండి, ఫ్లైవీల్ ముఖం చూడండి. క్రాంక్ వెనక సీల్ దగ్గర నూనె చెమ్మ ఉంటే ముందు అది ఆపాలి, లేకపోతే ఎంత ఖరీదైన డిస్కైనా జారుతుంది. తర్వాత ఐదారువందల కిలోమీటర్లు ఊరి ట్రాఫిక్‌లో నెమ్మదిగా నడిపాకే ట్రాక్ ఎక్కించండి.