రెండో భాషగా ఇంగ్లీషు నేర్చుకునే పిల్లల చేత తరగతిలో మాట్లాడించడానికి ఏ కృత్యాలు పనికివస్తాయి?

తరగతిలో నలభై మంది పిల్లలున్నారనీ, వ్యాకరణ అభ్యాసాలు తప్పుల్లేకుండా రాసేవారు కూడా నోరు విప్పమనేసరికి తల దించుకుంటున్నారనీ, పాఠ్యపుస్తకం దాటి ఏ కృత్యాలు చేయించాలో, వనరులు ఎక్కడ వెతకాలో చెప్పమనీ మీరు అడిగారు. పన్నెండు, పదమూడేళ్ల పిల్లలకూ, కొంతకాలం పెద్దలకూ ఇంగ్లీషు బోధించినందువల్ల నాకు తెలిసినంతవరకు చెబుతాను.

ఇంటర్నెట్‌లో తరగతి గది ఆటల జాబితాలకు కొదవ లేదు. వాటిలో చాలావాటితో సందడి జరుగుతుంది గానీ, ఆట ముగిశాక చూస్తే ఒక్కో విద్యార్థి పలికిన ఇంగ్లీషు రెండు మూడు మాటలకు మించదు. అందుకే నేను ఏ కృత్యాన్ని ఎంచుకునేటప్పుడైనా ఒకే విషయం చూస్తాను: ఒకరికి తెలిసి, ఎదుటివారికి తెలియక, అడిగి తెలుసుకుంటే తప్ప పని పూర్తికానిది అందులో ఏదైనా ఉందా? ఏళ్ల తరబడి పక్కన కూర్చుంటున్న స్నేహితుణ్ణి పట్టుకుని "వాట్ ఈజ్ యువర్ నేమ్?" అని అడగడంలో అటువంటి అవసరం లేదు కాబట్టే పిల్లలు దాన్ని అప్పజెప్పినట్టు అప్పజెప్పి ఊరుకుంటారు. భాషాబోధనలో ఈ అవసరాన్ని కల్పించే కృత్యాలను ఇన్ఫర్మేషన్ గ్యాప్ కృత్యాలు అంటారు. మీ తరగతికి వీటితోనే మొదలుపెట్టమని నా సలహా.

నేను తరచుగా వాడేది రైళ్ల సమయాల పట్టిక. ఒకే పట్టికను రెండు కాగితాల మీద రాసి, మొదటిదానిలో కొన్ని గళ్లు, రెండోదానిలో వేరే గళ్లు ఖాళీగా వదిలేస్తాను. మొదటి కాగితం అందినవారంతా కొన్ని నిమిషాలు ఒకచోట చేరి తాము అడగవలసిన ప్రశ్నలను సిద్ధం చేసుకుంటారు, రెండో కాగితం వారూ అంతే. ఆ తరువాతే ఇద్దరిద్దరిని జంటలుగా, వీపులు ఆనించి కూర్చోబెడతాను. ఎదురెదురుగా కూర్చోబెడితే అడిగే శ్రమ లేకుండా కాగితాలు చూపించుకుంటారు. నల్లబల్ల మీద మూడు వాక్యాలు ఉంచుతాను: బయలుదేరే సమయం అడిగేది ఒకటి, ఛార్జీ అడిగేది ఒకటి, మూడోది "కుడ్ యు రిపీట్ దట్, ప్లీజ్?" ఈ మూడింటిలో మూడోదే ఎక్కువ విలువైనది, ఎందుకంటే అర్థం కానప్పుడు ఏం చేయాలో తెలియకపోవడమే చాలామంది పిల్లల మౌనానికి మూలం. పట్టికలో థర్టీన్, థర్టీ వంటి జంటలను కావాలనే చేరుస్తాను. ఒకరు థర్టీ అన్నదాన్ని మరొకరు థర్టీన్‌గా రాసుకుని, చివర కాగితాలు పోల్చుకున్నప్పుడు తేడా బయటపడుతుంది. మాటలో ఏ భాగాన్ని ఒత్తి పలకాలన్న సంగతిని ఆ క్షణంలో చెబితే శ్రద్ధగా వింటారు, అదే ఉచ్చారణ పాఠంగా ముందే చెబితే ఆవులిస్తారు.

రెండోది డిక్టోగ్లాస్. రూత్ వైన్‌రిబ్ అనే ఉపాధ్యాయురాలి ద్వారా 1990 ప్రాంతంలో ప్రచారంలోకి వచ్చిన పద్ధతి ఇది. పేరు చూసి భయపడనక్కర లేదు, ఇందుకు కావలసింది అరవై డెబ్బై మాటల చిన్న పేరా ఒకటే. మొదటిసారి మామూలు వేగంతో చదివినప్పుడు పిల్లలు కలం ముట్టకుండా వింటారు, రెండోసారి ముఖ్యమైన మాటలు మాత్రమే రాసుకుంటారు, ఆపై నలుగురేసి కలిసి పేరాను తిరిగి నిర్మిస్తారు. మామూలు డిక్టేషన్‌లో ప్రతి మాటా చెవిన పడగానే కాగితం మీదికి చేరుతుంది, మధ్యలో ఆలోచనకు చోటుండదు. ఇందులో వాక్యాన్ని తామే కట్టుకోవలసి వస్తుంది. ఒకసారి మేము స్టేషను చేరేసరికి రైలు వెళ్లిపోయిందనే వాక్యం దగ్గర ఒక జట్టు "హాడ్ లెఫ్ట్" అని రాసింది, మరొక జట్టు "లెఫ్ట్" చాలన్నది. రైలు మేము చేరకముందే వెళ్లిందా, చేరాక మా కళ్లముందే వెళ్లిందా అని చాలాసేపు వాదించుకున్నారు. పాస్ట్ పర్‌ఫెక్ట్ గురించి నేను విడిగా చెప్పవలసింది ఆ రోజు పెద్దగా మిగల్లేదు. వాదన చాలావరకు మాతృభాషలోనే సాగింది, నేను ఆపలేదు. ఇంగ్లీషు తరగతిలో మరో భాష వినబడకూడదన్న పట్టుదల ఇటువంటి చోట మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది.

తడబాటు తగ్గడానికి పాల్ నేషన్ వంటి పరిశోధకులు ప్రాచుర్యంలోకి తెచ్చిన 4-3-2 పద్ధతి ఉంది. ఒకే విషయాన్ని మొదటి శ్రోతకు నాలుగు నిమిషాలు, రెండో శ్రోతకు మూడు, మూడో శ్రోతకు రెండు నిమిషాల్లో చెప్పడం దీని పద్ధతి. పిల్లలకు ఆ వ్యవధిని సగానికి తగ్గించుకోవచ్చు. గోడకు అంటించిన పేరాను ఒకరు చదివి గుర్తుపెట్టుకుని, పరుగున వచ్చి రెండోవారి చేత రాయించే రన్నింగ్ డిక్టేషన్ కూడా మంచిదే, అయితే నలభై మందితో అది పక్క తరగతివారికి ఇబ్బంది కలిగిస్తుంది.

కృత్యం ఏదైనా ఉపాధ్యాయులు పాటించవలసినవి రెండున్నాయి. ప్రశ్న అడిగాక ఆగడం మొదటిది. ఉపాధ్యాయులు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారనీ, మూడు సెకన్లకు పైగా ఆగితే జవాబులు పెద్దవవుతున్నాయనీ, ఎక్కువమంది పిల్లలు పాల్గొంటున్నారనీ మేరీ బడ్ రో అమెరికాలోని సైన్సు తరగతులను పరిశీలించి 1970లలో తెలిపారు. రెండో భాషలో వాక్యం కూర్చుకోవలసిన పిల్లలకు ఆ వ్యవధి మరింత అవసరం. మాట్లాడుతుండగా తప్పులు దిద్దకపోవడం రెండోది. నేను తరగతిలో తిరుగుతూ విన్న తప్పులను చీటీ మీద రాసుకుని, చివర పేర్లు లేకుండా నాలుగైదు వాక్యాలు బల్ల మీద పెట్టి వారి చేతే సరిచేయిస్తాను.

వనరుల విషయానికి వస్తే, మొదటి వనరు మీ చేతిలో ఉన్న పాఠ్యపుస్తకమే. పాఠంలోని ఒక పేరాను రెండు ముక్కలు చేసి చెరొకరికి ఇస్తే ఇన్ఫర్మేషన్ గ్యాప్ సిద్ధమైనట్టే. బ్రిటిష్ కౌన్సిల్ వారి టీచింగ్ ఇంగ్లీష్, లెర్న్ ఇంగ్లీష్ కిడ్స్ వెబ్‌సైట్లలో పాఠ ప్రణాళికలు, వినే అభ్యాసాలు ఉచితంగా లభిస్తాయి. ఏ మాటలు ముందు నేర్పాలన్న సందేహం తీరడానికి మైకేల్ వెస్ట్ 1953లో ప్రచురించిన, సుమారు రెండు వేల ముఖ్యపదాలున్న జనరల్ సర్వీస్ లిస్ట్ ఇప్పటికీ ఉపయోగపడుతుంది; 2013లో వచ్చిన న్యూ జనరల్ సర్వీస్ లిస్ట్ మరింత తాజాది. పిల్లలు సొంతంగా చదువుకోవడానికి పుస్తకం ఇచ్చేటప్పుడు వంద మాటల్లో తెలియనివి రెండు మూడు దాటకుండా చూడండి. దాటితే అది చదువుకునే పుస్తకంగా కాక నిఘంటువు వెతికే పనిగా మారి, మూలన పడుతుంది.

వీటన్నింటినీ ఒకేసారి మొదలుపెట్టకుండా, పీరియడులో చివరి పదిహేను నిమిషాలు కేటాయించి, ఒక కృత్యాన్ని విషయం మారుస్తూ కొన్ని వారాలు కొనసాగించండి. నియమాలు అలవాటైతేనే పిల్లల దృష్టి భాష మీదికి మళ్లుతుంది. వేదికెక్కి మాట్లాడించే చర్చాపోటీలను, నాటికలను మాత్రం ప్రస్తుతానికి పక్కన పెట్టడం మంచిది. వాటిలో ఎప్పుడూ మాట్లాడే నలుగురైదుగురే మాట్లాడతారు, మీరు అడిగిన పిల్లలు ప్రేక్షకులుగానే మిగిలిపోతారు.