నీళ్ళు విడవని ఫిలిప్పీన్స్ ఫ్రూట్ షేక్

చిరంజీవి అమ్మడికి, పిన్ని ఆశీస్సులు.

షేక్ గ్లాసులో పోసిన అయిదు నిమిషాలకే పైన నురగ తేలి, అడుగున నీళ్ళు మిగులుతున్నాయని రాశావు. మీ కాలేజీ ఎదుట బండి మీద అమ్మేది మాత్రం చివరి గుక్క దాకా చిక్కగానే ఉంటోందని కూడా అన్నావు. నువ్వు మనీలాలో ఉండి మన ఊరి మిల్క్‌షేక్ చేస్తున్నావు తల్లీ. పండు ముక్కలు, గ్లాసుడు పాలు, పంచదార, ఆఖర్న నాలుగు ఐసు ముక్కలు. వాళ్ళ లెక్క వేరు. ఆ షేక్‌లో నీళ్ళ వాటా మొత్తం ఐసుదే. విడిగా నీళ్ళు పోసే పండ్లు ఒకటో రెండో, మామూలు పాలైతే అసలే వద్దు. పాలు పడే పండైతే ఎవాప్ పావు కప్పు, మహా అయితే అర కప్పు, అంతే.

ఎవాప్ అంటే ఎవాపరేటెడ్ మిల్క్. పాలలోని నీళ్ళు అరవై శాతం దాకా ఇగరబెట్టినవి. తీపి ఉండదు. కండెన్స్‌డ్ మిల్క్‌లో నలభై శాతానికి పైగా పంచదారే. దుకాణంలో రెండు డబ్బాలూ పక్కపక్కనే, చూడ్డానికి ఒకేలా ఉంటాయి, పేరు చదివి తీసుకో. చిక్కదనానికి ఎవాప్, తీపికి కండెన్స్‌డ్. ఒకదాని బదులు ఇంకోటి పోస్తే షేక్ పాయసమైనా అవుతుంది, చప్పగానైనా ఉంటుంది. డబ్బా తెరిచాక మిగిలిన పాలు టిన్నులో వదలకు, గాజు సీసాలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టు. ఎవాప్ మూడు రోజుల్లో వాడెయ్యాలి. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు ఇక్కడ ఎవాప్ దొరకడం కష్టం. వెన్న తియ్యని పాలు అడుగు మందం గిన్నెలో సగానికి కాస్త తక్కువయ్యే దాకా మరిగించుకుంటే సరిపోతుంది. గరిటె ఆపకు. మీగడ కట్టిందంటే షేక్‌లో పొరలు పొరలుగా నోటికి తగులుతుంది.

ఇక మామిడి. అక్కడి మామిడిని కారబావ్ మామిడి అంటారు. మార్చి నుంచి జూన్ దాకా బాగా దొరుకుతుంది. గీమరాస్ దీవి కాయకు, సంబాలెస్ కాయకు పేరు ఎక్కువ. తొక్క మొత్తం పసుపెక్కి, తొడిమ దగ్గర వాసన వస్తేనే షేక్‌కు పనికొస్తుంది. తొడిమ చుట్టూ పచ్చ మిగిలితే రెండు రోజులు బయటే ఉంచు. పండకముందే ఫ్రిజ్‌లో పెట్టావంటే తర్వాత సరిగ్గా పండదు, తీపీ ఎక్కదు. టెంక పలచగా, వెడల్పుగా ఉంటుంది కాబట్టి కాయను నిలబెట్టి టెంకకు రెండు పక్కలా చెంపలు కోసి, చెంచాతో గుజ్జు తోడుకో. పీచు తక్కువ, మన రసాల్లా వడకట్టే పని లేదు.

రెండు గ్లాసులకు కొలత ఇది. గుజ్జు ఒకటిన్నర కప్పు, అంటే ఓ మాదిరి కాయలు రెండు. ఐసు ఒకటిన్నర కప్పు, ఎవాప్ పావు కప్పు, కండెన్స్‌డ్ రెండు టేబుల్ స్పూన్లు, చిటికెడు ఉప్పు. గుజ్జులో సగాన్ని ముక్కలుగా పళ్ళెంలో ఒకే వరసలో పరిచి, నాలుగు గంటలు ఫ్రీజర్‌లో గడ్డకట్టించుకుంటే ఐసు ముప్పావు కప్పుకు తగ్గించొచ్చు. అప్పుడు రుచి చూడు, మామిడి ఎంత నిండుగా తెలుస్తుందో! మొత్తం పండునూ గడ్డకట్టించకు, బ్లేడు తిరగదు.

నీళ్ళు ఎందుకు విడిపోతున్నాయంటే, ఐసు నలిగి పొడైనప్పుడు ఆ పొడిని పట్టి ఉంచేది పండు గుజ్జే. గుజ్జు తక్కువైనా, పాలో నీళ్ళో ఎక్కువైనా ఆ పట్టు ఉండదు. ఐసు పొడి, గాలి బుడగలు పైకి పోతాయి, పలచటి నీళ్ళు కిందికి దిగుతాయి. ఎక్కువసేపు తిప్పినా ఇదే గతి. బ్లేడు వేడికి ఐసు జార్‌లోనే కరుగుతుంది. పండు, పాలు, తీపి ముందు కలిపి నున్నగా తిప్పు. ఐసు ఆ తర్వాతే వెయ్యి. ఐసు పడ్డాక అయిదేసి సెకన్ల చొప్పున ఆపి ఆపి తిప్పు, మొత్తం అరనిమిషం దాటకూడదు. గరగర చప్పుడు పోయి ఒకే తీరుగా గుయ్‌మంటే అయిపోయినట్టే. బ్లేడు గిర్రున తిరుగుతూ పైనున్నది కదలకపోతే మధ్యలో గాలి చిక్కుకుందన్న మాట. స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, గరిటెతో కిందికి నొక్కు. నీళ్ళు పొయ్యాలని చెయ్యి లాగుతుంది, పొయ్యకు. రెండు చెంచాల ఎవాప్ చాలు.

నువ్వు ఇక్కణ్ణించి పట్టుకెళ్ళిన మిక్సీ అక్కడ పని చేస్తుంది, వాళ్ళదీ 220 వోల్టుల కరెంటే. ప్లగ్గు మాత్రం బల్లపరుపు పిన్నులది, అడాప్టర్ కావాలి. ఫోను చార్జర్‌కు కొన్న చవక రకం మిక్సీకి పెట్టకు, పది ఆంపియర్లని రాసి ఉన్నది కొను. మిక్సీలో పెద్ద ఐసు గడ్డలు వెయ్యకు. బట్టలో మూటగట్టి చపాతీ కర్రతో చితక్కొట్టి వెయ్యి. జార్ సగానికి మించి నింపకు. ఉన్నట్టుండి ఆగిపోతే కాలిపోయిందని కంగారు పడొద్దు. ప్లగ్ తీసి, మిక్సీ బోర్లించి చూస్తే అడుగున చిన్న ఎర్ర బటన్ ఉంటుంది. పది నిమిషాలు చల్లారనిచ్చి దాన్ని లోపలికి నొక్కు.

తీపి సంగతి. పంచదార పలుకులు ఐసులో కరగవు, గ్లాసు అడుగున ఇసకలా మిగులుతాయి. కప్పు పంచదార, కప్పు నీళ్ళు కలిపి కరిగేదాకా కాచి, చల్లార్చి, సీసాలో ఉంచుకో. వాళ్ళు ముదురు రంగు చక్కెరతో కాచే పాకాన్ని అర్నిబాల్ అంటారు. అందులో పాండాన్ ఆకు ఒకటి ముడేసి పడేస్తే బాస్మతి వాసన వస్తుంది. కొబ్బరి షేక్‌కు బాగా అమరుతుంది, మామిడికి అనవసరం. ఇంకో మాట, బాగా చల్లటి వస్తువు నాలుకకు తీపి తక్కువ తెలుస్తుంది. అందుకని ఐసు వేసే ముందు రుచి చూసినప్పుడు కాస్త ఎక్కువ తీపిగా ఉంటేనే చివరికి సరిపోతుంది.

ఎండ మండిపోతున్న రోజు పాల షేక్ తాగకు, దాహం తీరదు. పచ్చిమామిడి షేక్ చేసుకో. నా ఓటెప్పుడూ దానికే. ఒక కారబావ్ పచ్చికాయ చెక్కు తీసి ముక్కలు కొయ్యి, కప్పు రావాలి. అర కప్పు చల్లటి నీళ్ళు, పాకం అయిదు టేబుల్ స్పూన్లు, పావు చెంచా ఉప్పు వేసి, పీచు కనపడనంత మెత్తగా తిప్పాక రెండు కప్పుల ఐసు వెయ్యి. నీళ్ళు పోసే పండు ఒకటో రెండో అన్నానే, వాటిలో ఇదొకటి. పచ్చికాయలో రసం ఉండదు కాబట్టి తప్పదు. కోసిన ముక్కలు గాలికి నల్లబడకుండా వెంటనే కలమాన్సి, అంటే అక్కడి చిన్న నిమ్మకాయ, పిండు. బజార్లో ఇండియన్ మ్యాంగో అని అమ్ముతారు చూడు, మన పేరుందని మురిసిపోయి దాన్ని కొనేవు. వాళ్ళు ఉప్పటి రొయ్యల ముద్ద, బగోఒంగ్, నంజుకుని పచ్చిగా తినే కాయ అది. పులుపు తక్కువ. షేక్‌కు వాడితే నాలుగైదు కలమాన్సి కాయలు అదనంగా పిండాలి. ఒక్కో కాయకు చెంచాడు రసం కూడా సరిగా రాదు. గింజలు వడకట్టి తీసెయ్యి, బ్లేడు కింద నలిగాయంటే గ్లాసంతా చేదు.

బూకో, అంటే మన బోండం షేక్‌కు కాయ ఎంచుకోవడంలోనే ఉంది పనంతా. బండి వాళ్ళు లోపలి కొబ్బరిని మూడు రకాలుగా చెబుతారు. మాలాఉహోగ్ జిగురుజిగురుగా చెంచాకు జారిపోతుంది, మాలాకానిన్ అన్నంలా మెత్తగా ఉంటుంది, మాలాకటాద్ తోలులా సాగుతుంది. నువ్వు మాలాకానిన్ అడుగు. లేతదానికి చిక్కదనం రాదు, ముదురుది పిప్పి పిప్పిగా మిగులుతుంది. బోండం నీళ్ళు ముందు రోజు రాత్రే ట్రేలో గడ్డకట్టించి, మామూలు ఐసు బదులు ఆ గడ్డలే వెయ్యి. కప్పు కొబ్బరికి కప్పున్నర గడ్డలు, ఎవాప్ పావు కప్పు, కండెన్స్‌డ్ రెండు టేబుల్ స్పూన్లు.

అవకాడోకు ఒక కాయ, ఎవాప్ అర కప్పు, కండెన్స్‌డ్ మూడు టేబుల్ స్పూన్లు, ఐసు కప్పున్నర. నల్లబడిన చోట్లు చెక్కి తీసెయ్యి, చేదు అక్కణ్ణించే వస్తుంది. పుచ్చకాయకు పాలూ వద్దు, నీళ్ళూ వద్దు, ఐసు సగం వాటా చాలు. బొప్పాయి, పచ్చి అనాస పాలతో కలిపితే చేసిన వెంటనే తాగెయ్యాలి. ఆ పండ్లలోని ఎంజైములు పాల మాంసకృత్తులను విరిచేస్తాయి, కాసేపటికే చేదెక్కుతుంది. డబ్బాలో వచ్చే అనాసకు ఈ బాధ లేదు, వేడి చేసి నింపుతారు కాబట్టి.

గుయబానో అంటే మన లక్ష్మణఫలం. అద్భుతమైన షేక్ అవుతుంది కానీ గింజలు విషం. గుజ్జు చేత్తో నలిపి, గింజలన్నీ ఏరి, ఒక్కటి కూడా మిగల్లేదని చూసుకున్నాకే జార్‌లో వెయ్యి. తొందరలో ఉన్న రోజు ఈ పండు జోలికి పోకు.

ఐసు ఏ నీళ్ళతో గడ్డకట్టించారో తెలియకుండా కొనకు. ప్యూరిఫైడ్ అని రాసిన సంచిలో ట్యూబ్ ఐసు అమ్ముతారు, లేదంటే రీఫిల్లింగ్ స్టేషన్ క్యాను నీళ్ళు నువ్వే ట్రేలో పోసుకో. ఇళ్ళ ముందు ఐసు అని బోర్డు పెట్టి ప్లాస్టిక్ కవర్లలో అమ్మే గడ్డలు కూలర్లో పెట్టుకోవడానికి బాగుంటాయి, గ్లాసులోకి వద్దు. జార్ కడిగేటప్పుడు మూత లోపలి రబ్బరు ఊడదీసి కడుగు. ఆ ఎండలకు అందులో చిక్కిన పాల జిడ్డు ఒక్క రోజులో పులుస్తుంది, మర్నాటి షేక్‌కు వచ్చే పాడు వాసన చాలాసార్లు దానిదే.

దురియన్ షేక్ చేయాలని నీ రూమ్మేట్ అడుగుతోందన్నావు. ఎవాప్‌తో చక్కగా కుదురుతుంది, మామిడి కొలతే. ముందు వార్డెన్‌ని అడగండి, దాని ఘాటు వాసనకు చాలా చోట్ల ఆ పండును గుమ్మం దాటనివ్వరు.

ఇట్లు,
మీ పిన్ని