ఆయిల్ లైటు వెలిగితే ముందు గేజ్ పెట్టండి

ప్రశ్న: మా ప్రొక్లెయిన్ 9,000 గంటలు దాటింది. పొద్దున బాగానే ఉంటుంది. రెండు గంటలు తవ్వాక ఐడ్లింగ్‌లో పెడితే ఆయిల్ లైటు మిణుకుమంటోంది, రేస్ చేస్తే ఆరిపోతోంది. ఇంజన్ విప్పి బేరింగులు మార్చాలని మెకానిక్ అంటున్నాడు. చిక్కటి ఆయిల్ పోస్తే సరిపోదా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ముందు అసలు ప్రెషర్ ఎంతుందో కొలవండి. ప్రెషర్ స్విచ్ పాడైనా, దాని వైరు బాడీకి తగిలినా లైటు వెలుగుతుంది. స్విచ్ విప్పి ఆ రంధ్రంలో 0–10 బార్ మెకానికల్ గేజ్ బిగించండి. మరలు కలవకపోతే అడాప్టర్ వాడండి, బలవంతంగా తిప్పితే బ్లాకులో మరలు పోతాయి. బకెట్ నేలకు ఆనించాకే ఇంజన్ దగ్గరికి వెళ్లండి.

చల్లటి ఇంజన్‌లో ఐడ్లింగ్, రేస్. బాగా వేడెక్కాక మళ్లీ ఆ రెండూ. ఈ నాలుగు రీడింగులు రాసుకోండి. మాన్యువల్‌లో ఉన్న అంకే ప్రమాణం. అది దొరకకపోతే, వేడి ఇంజన్‌లో ప్రతి 1,000 ఆర్‌పీఎంకు సుమారు 10 పీఎస్ఐ (0.7 బార్) ఉండాలన్నది మోటు లెక్క.

పంపు ఆయిల్‌ను తోస్తుందంతే. ప్రెషర్ పుట్టేది బేరింగుల సన్నని సందుల్లో ఆ ఆయిల్‌కు అడ్డు తగిలినప్పుడు. నీళ్ల పైపు చివర బొటనవేలు అడ్డం పెడితే ధార ఎగురుతుంది, వేలు తీస్తే జారిపోతుంది. అందుకే వేడెక్కాకే పడిపోతుంటే అనుమానాలు ముఖ్యంగా రెండు: ఆయిల్ పలచబడింది, లేదా బేరింగుల సందు పెరిగింది. ఖర్చు తక్కువదాన్ని ముందు చూడండి.

డిప్‌స్టిక్ వాసన చూడండి. డీజిల్ వాసన వచ్చి, లెవల్ తగ్గకపోగా పెరిగితే లీకయ్యే ఇంజెక్టర్లను, ఫీడ్ పంపు డయాఫ్రమ్‌ను, ఇంజెక్షన్ పంపు షాఫ్ట్ సీలును పరీక్షించాలి. లీకు ఆపి, మాన్యువల్ చెప్పిన గ్రేడు ఆయిల్ (చాలా డీజిల్ ఇంజన్లకు 15డబ్ల్యూ-40), కొత్త ఫిల్టర్ వేసి మళ్లీ కొలవండి.

పాత ఫిల్టర్ పారేయకండి. కట్టర్‌తో తెరిచి కాగితం మడతలు విప్పి చూడండి. రంపంతో కోస్తే ఇనుప రజను అందులో పడి మోసపోతారు. రాగి రంగు రేకులు కనిపిస్తే బేరింగ్ షెల్ (అరవృత్తం ఆకారపు బేరింగ్ ముక్క) పైపొర అరిగి లోపలి పొర బయటపడి ఉండవచ్చు. అప్పుడు బండి పనికి పంపకండి, సంపు (ఇంజన్ అడుగున ఆయిల్ నిల్వ ఉండే తొట్టి) దించండి.

సంపు దించాక స్ట్రైనర్ (పంపు ఆయిల్ పీల్చే చోట ఉండే జల్లెడ), పంపు చూసి, ఒక మెయిన్ క్యాప్, ఒక కనెక్టింగ్ రాడ్ క్యాప్ విప్పి ప్లాస్టిగేజ్‌తో (క్యాప్ బిగిస్తే నలిగే సన్నని ప్లాస్టిక్ దారం, నలిగిన వెడల్పును బట్టి సందు తెలుస్తుంది) సందు కొలవండి. క్రాంక్ జర్నల్ (క్రాంక్ షాఫ్ట్‌లో బేరింగ్ లోపల తిరిగే నున్నటి భాగం) మీద గీతలుంటే, గుండ్రదనం పోయి ఉంటే కొత్త షెల్స్ మాత్రమే వేయడం డబ్బు దండగ. గ్రైండింగ్ చేయించి, 0.25 మి.మీ. అండర్‌సైజు షెల్స్ (గ్రైండింగ్‌తో సన్నబడిన జర్నల్‌కు సరిపోయేవి) వేయాలి. ఒక సైజుతో గీతలు పోకపోతే తర్వాతి సైజు.

చల్లగా ఉన్నా, వేడిగా ఉన్నా, రేస్ చేసినా ప్రెషర్ పెరగకపోతే దారి వేరు: రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ మరీ పెరిగితే ఆయిల్‌ను వెనక్కి వదిలేది) ప్లంజర్ తెరుచుకుని ఇరుక్కుందా, స్ప్రింగ్ బలం తగ్గిందా, పంపు గేర్లు అరిగాయా చూడాలి. సూది ఊగుతుంటే సక్షన్ పైపు ఓ-రింగ్ దగ్గర గాలి పీలుస్తుండొచ్చు.

చిక్కటి ఆయిల్ సూదిని పైకి లేపుతుంది కానీ, పొద్దున స్టార్ట్ చేయగానే బేరింగులకు ఆలస్యంగా చేరుతుంది. ఫిల్టర్ బైపాస్ (ఫిల్టర్‌ను తప్పించే అడ్డదారి వాల్వ్) తెరుచుకుంటే వడకట్టని ఆయిలే లోపలికి వెళుతుంది. దయచేసి ఆ పని చేయకండి.

ప్రశ్న: ఓవర్‌హాల్ అయ్యాక మొదటిసారి ఎలా స్టార్ట్ చేయాలి?
– ఒక ఆపరేటర్, ఒంగోలు

జవాబు: బిగించేటప్పుడే పంపులో ఆయిల్ పోయండి. నిలువుగా కూర్చునే ఫిల్టర్ అయితే దాన్నీ నింపి బిగించండి. డీజిల్ ఆపేసి, 10–15 సెకన్లు మించకుండా స్టార్టర్ తిప్పండి, చల్లారనిచ్చి మళ్లీ తిప్పండి. గేజ్ సూది లేచాకే డీజిల్ తెరవండి.