అమ్ములూ, బ్రోకలీ పసుపెక్కిందని అప్పుడే పారీకు

అమ్ములూ,

నువ్వు పంపిన ఫొటో చూసేను. పువ్వు మీద అక్కడక్కడ పసుపు వచ్చింది, పాడైపోయిందా దొడ్డమ్మా, పారీమంటావా అని అడిగేవు. పారీకు. ఫొటోలో రంగు ఒక్కటే కనిపిస్తాది గానీ జిగురు కనపడదు, వాసన అసలే రాదు, కాబట్టి ముందు చేత్తో ముట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుని చూడు.

బ్రోకలీలో మనం తినేది ఇంకా విచ్చుకోని మొగ్గలు. చెట్టు నుంచి కోసీసినా అది ఊపిరి తీసుకుంటూనే ఉంటాది, అదీ మామూలు కూరగాయల కంటే బాగా జోరుగా. వేడి తగిలితే ఆ జోరు ఇంకా పెరుగుతాది, లోపలున్న తీపి ఖర్చయిపోతాది, ఆకుపచ్చ విరిగిపోయి పసుపు తేలుతాది, సాయంత్రానికి మల్లెమొగ్గలు విచ్చుకోడానికి చూస్తాయే అదే వరస అనుకో. అందుకే కోల్డ్ స్టోరేజీలో 0 డిగ్రీల దగ్గర మంచి తేమలో పెడితే రెండు మూడు వారాలు నిలిచేది, మన ఇంటి ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర వారం ఆగితే గొప్ప, మూడు నాలుగు రోజుల్లో వండీసుకుంటేనే రుచి. ఇక శ్రీకాకుళం ఉక్కలో బయట బుట్టలో వదిలీసేవనుకో, రెండో రోజుకే రంగు మారిపోతాది. కాలీఫ్లవర్ అయినా ఒక రోజు ఓర్చుకుంటాది గానీ ఇది ఓర్చుకోదు. మీ పెదనాన్న కొట్టు నడిపినన్నాళ్ళూ పసుపెక్కిన పువ్వు పొద్దున్నే పక్కకి తీసి సగం రేటుకి ఇచ్చీసేవోళ్ళం, తెలిసినోళ్ళు అదే ఏరుకుని పట్టుకెళ్ళీవోళ్ళు.

పసుపంటే ముదిరిందనే గానీ కుళ్ళిందని కాదు. కొంచెం చేదు వస్తాది, కరకర తగ్గుతాది, పోషకాలు కూడా కొంత పోతాయి, అంతే. ఆ పసుపు మొగ్గలు కత్తితో పైపైన గీసీసి మిగతాది ఇవాళే వండీ. పారీయాల్సింది ఎప్పుడో చెప్తాను విను. మొగ్గల మీద వేలు పెట్టి మెల్లగా రుద్దు. బాగున్న పువ్వు ఇసక తగిలినట్టు గరుగ్గా, గట్టిగా ఉంటాది. పాడైంది జారుతాది, వేలికి తడి జిగురు అంటుకుంటాది, ఆ జిగురు కడిగితే పోతాదని కడగడం మొదలెట్టకు, పువ్వంతా పారీ. తర్వాత వాసన. మామూలుగా క్యాబేజీ లాంటి సన్నటి వాసన ఉంటాది, అది పరవాలేదు, కుళ్ళిన గుడ్డు లాగ, మురుగు లాగ కొట్టిందంటే మాత్రం ఇంక ఆలోచించక్కర్లేదు. గాలాడకుండా కవరు ముడేసీసి ఉంచినా ఈ కంపే పుడతాది, ఎలా దాచాలో తర్వాత చెప్తాను. బూజు నూగు మొగ్గల మధ్య కనిపిస్తే అది కూడా పారీయడమే, ఎంచేతంటే ఆ సందుల్లో ఎంత దూరం పాకిందో మనకి కనపడదు. ఒకటో రెండో నల్ల చుక్కలుండి చుట్టూ గట్టిగా ఉంటే చుక్క దగ్గర కోసీసి వాడుకోవచ్చు, చుక్కలు పువ్వంతా ఉండి కింద మెత్తబడితే వద్దు.

కొంతమంది మంచి పువ్వుని కూడా పాడైందని పారీస్తారు. పైన ఊదా రంగు ఉంటే చలికి వచ్చిన రంగది. ఆకుల మీద, కాడ మీద బూడిద పూసినట్టు ఉన్నది దాని ఒంటి మైనం. కాడ మధ్యలో బోలుగా ఉంటే పెరుగుదల జోరయినా, నేలలో బోరాన్ తక్కువైనా అలా అవుతాది, తినడానికి ఏ ఇబ్బందీ లేదు. కాడ వేలాడిపోయిందా, చివర అర అంగుళం కోసీసి చల్లటి నీళ్ళ గ్లాసులో కాడ ముంచి ఒక గంట నిలబెట్టు, జిగురు పట్టకపోతే మళ్ళీ లేస్తాది.

ఇప్పుడు దాచడం. సూపర్ మార్కెట్‌లో ప్లాస్టిక్ చుట్టి అమ్ముతారు కదా, లోపల నీటి చుక్కలు పట్టుంటే ఆ తడికి పువ్వు తొందరగా పాడవుతాది, కొనకు. ఇంటికొచ్చేక ఆ ప్లాస్టిక్ తీసీ. కడక్కు. చాలామంది చేసేది అదే, శుభ్రం అనీసి కడిగి తడితోటే లోపల పెట్టీస్తారు, ఆ మొగ్గల సందుల్లో నీరు ఆరదు, జిగురు మొదలయ్యేది అక్కడే. పురుగుల కోసం ఉప్పునీళ్ళలో తలకిందులుగా పది పదిహేను నిమిషాలు ఉంచడం మంచిదే, పచ్చపురుగు మొగ్గ రంగులోనే ఉండి కనపడదు మరి, కానీ అది వండే ముందు చెయ్యాలి. దాచినప్పుడు పాత నూలు గుడ్డ వదులుగా చుట్టి, చిల్లులున్న కవర్లో పెట్టి, మూతి ముడెయ్యకుండా ఫ్రిజ్ కింద కూరల డబ్బాలో ఉంచు. నీది ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్ అయితే గుడ్డ చెమ్మగా ఉంచు, అది ఎండబెట్టీస్తాది. పాత రకం అయితే పొడి గుడ్డ చాలు. వెనక గోడకి ఆనించకు, అక్కడ గడ్డకట్టి తర్వాత నీరుగారిపోతాది. న్యూస్ పేపర్ చుట్టకు, ఆ సిరా కూరకి అంటుతాది.

ఇంకోటి, ఇది చాలామందికి తెలీదు. టమాటాలు, ఆపిల్స్, మామిడిపళ్ళు దాని పక్కన పెట్టకు. పళ్ళు ఇథిలీన్ అనే గ్యాస్ వదుల్తాయి, పళ్ళు మగ్గబెట్టే గదుల్లో వదిలేది కూడా ఆ గ్యాసే, అది తగిలితే బ్రోకలీ తొందరగా పసుపు పడిపోతాది. ఫ్రిజ్ చిన్నదైతే పళ్ళు పై అరలో మూత డబ్బాలో పెట్టు.

వారంలో వండలేనని తెలిస్తే మొదటి రోజే ఫ్రీజర్‌కి చేసీ, చచ్చు పువ్వు ఫ్రీజర్లో పెడితే చచ్చుగానే వస్తాది. అంగుళన్నర ముక్కలు కోసి, మరిగే నీళ్ళలో 3 నిమిషాలు, వెంటనే ఐస్ నీళ్ళలో ఇంకో 3 నిమిషాలు, గుడ్డ మీద బాగా ఆరబెట్టి, పళ్ళెంలో విడివిడిగా గడ్డకట్టించి అప్పుడు కవర్లో పొయ్యి. మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్లో 10, 12 నెలలు రుచి పోకుండా ఉంటాది గానీ సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఉండే బుల్లి ఫ్రీజర్‌ని నమ్ముకోకు, నెలలోపు అవగొట్టీ. కరెంటు పోతే తలుపు తియ్యకు, మూసి ఉంచితే కింద ఫ్రిజ్ నాలుగు గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ దగ్గర దగ్గర రెండు రోజులు చల్లదనం నిలబెడతాది. 2018 అక్టోబర్లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఉద్దానం వైపు రోజుల తరబడి కరెంటు లేదు, అలాంటప్పుడు కరిగిన ముక్కల్ని మళ్ళీ గడ్డకట్టించి దాచుకుందామనుకోకు, చల్లగా ఉండగానే వండీ.

వండడం అంటావా, ఆవ పెట్టు. ఊరికే అనట్లేదు, బ్రోకలీలో మంచిదని చెప్పుకునే సల్ఫోరాఫేన్ అనే పదార్థం పుట్టాలంటే ఒక ఎంజైమ్ ఉండాలి, నీళ్ళలో మరిగిస్తే అది పోతాది, పచ్చి ఆవాల్లో ఆ ఎంజైమ్ ఉంటాది. ముక్కలు ఉడికించి, చింతపండు పులుసు వేసి, శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిరప, ఇంగువ, కరివేపాకు పోపు పెట్టి దించీ. కాస్త చల్లారేక నానబెట్టి నూరిన ఆవముద్ద కలుపు, పొయ్యి మీద ఉండగా కలిపితే ఘాటూ పోతాది, చేదూ ఎక్కుతాది. కాడ కూడా పారీకు, పైన పీచు తొక్క చెక్కీసి ముక్కలు పప్పులో వెయ్యి. మిగిలిన కూర రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టు, మూడు రోజులు దాటితే తినకు.

దొడ్డమ్మ